తుమ్మల మడుగు జాబితా

ఆ మధ్యాహ్నం మత్స్య సంఘం రేకుల షెడ్డు దగ్గర ఉన్నవాళ్లు, ఉన్నవి ఇవి. షెడ్డు కింద మగవాళ్లు ముప్పై నలుగురు, ఆడవాళ్లు పది మంది. షెడ్డు బయట, ఎండలో, విడిగా నిలబడ్డ ఆడవాళ్లు ఏడుగురు. ప్లాస్టిక్ కుర్చీలు మూడు: సంఘం అధ్యక్షుడికి ఒకటి, మా సూపర్‌వైజర్‌కి ఒకటి, నాకు ఒకటి. దూలానికి వేలాడుతున్న తూకం కాటా. నా ఒళ్లో ఫైలు, అందులో పదకొండు నియమాల కాగితం, ముప్పై ఎనిమిది ఇళ్ల జాబితా. నేల మీద, అందరి మధ్యలో, తడిసిన నీలం నేత చీర. దాని పక్కన సిల్వరు గిన్నెలో వేలెడైనా లేని చేపపిల్లలు. వాటిని మాత్రం నేను లెక్కపెట్టలేదు.

ఇలాంటి జ్ఞాపకాలు మామూలుగా రిటైరైన పెద్దలు రాస్తారు. నాకు ముప్పై రెండేళ్లు. చిట్యాల దగ్గర రోడ్డు పనుల్లో ఉన్నాను, రోజూ కంకరా తారూ లెక్కపెడుతుంటాను. కానీ ఆ మొదటి ఉద్యోగం నుంచి మాత్రం రిటైరైనట్టే. మళ్లీ అలాంటిది చెయ్యలేదు. గ్రామాల్లో సర్వే పనికి కొత్తగా చేరుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు కొందరు నన్ను సలహాలు అడుగుతుంటారు. సలహా ఇచ్చేంత వయసు లేదు. జరిగింది చెప్పగలను.

మాది మోత్కూర్. బాపు మగ్గం నేస్తాడు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా అయిపోయి ఏడాది ఖాళీగా ఉన్నప్పుడు ఒక స్వచ్ఛంద సంస్థలో ఫీల్డ్ టెక్నీషియన్ పని దొరికింది. పోస్టింగు కృష్ణ వెనుక నీళ్ల ఒడ్డున, పాత పాలమూరు జిల్లాలో. అప్పటికే జిల్లాలు విడగొట్టారు, బోర్డుల మీద కొత్త పేర్లు వచ్చాయి. మనుషుల నోట్లో మాత్రం అది పాలమూరే. డ్యాములో ఊరు మునిగాక పైకొచ్చి గుట్ట వాలులో గుడిసెలు వేసుకున్నవాళ్ల పల్లె అది. చేపలు తప్ప వేరే ఆధారం లేదు.

మా ప్రాజెక్టు సంగతి క్లుప్తంగా చెబుతాను. వానాకాలంలో నీళ్లు పెరిగి ఒడ్డు చెట్ల మొదళ్లను ముంచుతాయి. నీళ్లలో నిలబడ్డ ఆ కొమ్మల మధ్యే చేపలు గుడ్లు పెడతాయి, పిల్లలు అక్కడే దాక్కుని పెరుగుతాయి. సముద్రం ఒడ్డున మడ అడవి చేసే పనినే ఇక్కడ నల్లతుమ్మ చేస్తుంది. వంటచెరుకుకు, కంచెలకు కొట్టీ కొట్టీ ఆ తుమ్మలు పోయాయి. వాటితోపాటు చేపలూ తగ్గాయి. ఊళ్లోవాళ్లే మళ్లీ తుమ్మలు పెంచుకోవాలి, వానాకాలం రెండున్నర నెలలు ఆ మూలలో వల వెయ్యకుండా కట్టడి చేసుకోవాలి, ఆ రెండున్నర నెలలూ నష్టపోయే ఇళ్లకు సర్కారు కూలి మీద మొక్కల పని ఇవ్వాలి. ఆ మూల పేరు తుమ్మల మడుగు. నేను వెళ్లేటప్పటికి పేరులో తప్ప ఎక్కడా తుమ్మ లేదు.

మా సూపర్‌వైజర్ అటవీ శాఖలో పనిచేసి దిగిపోయిన మనిషి. రోజుకు తొమ్మిది చాయలు తాగేవాడు, లెక్క నాదే. నన్ను "మగ్గం ఇంజనీరు" అనేవాడు. మొదటి వారం బ్యాగులనిండా నర్సరీ మొక్కలు తెప్పిస్తానని నేనంటే నవ్వి, ఒక గొల్లాయన మేకల దొడ్డికి తీసుకుపోయాడు.

"తుమ్మకాయ మేకకు పెట్టు. తెల్లారి దొడ్డిల ఊడ్చినప్పుడు ఇత్తు ఏరుకో. గది మొలుస్తది. నీ నర్సరీల నానబెట్టినది మొలిస్తే నా మీసం తీస్త," అన్నాడు.

ఆయన మీసానికి ప్రమాదం రాలేదు. ఎండాకాలంలో దొడ్డి గింజ విత్తి, ఎత్తయిన వరుసల్లో మొక్కలు నిలబెట్టాం. లెవల్ యంత్రం పెట్టి ఏ గీతకు ఎంత నీళ్లొస్తాయో లెక్కలు వేసి వరుసలు గీసింది నేను. ఆ పని బాగానే చేశాను. నాకు చేతకానిది అంతకంటే తేలికైన పని. ఎవరెవరున్నారో రాయడం.

ఆ పల్లెలో పొద్దున్న ఎలా ఉండేదో చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. చీకటితోనే పుట్టిలు వెళ్లేవి. పుట్టి అంటే వెదురుతో అల్లి పైన తోలో ప్లాస్టిక్ పట్టానో కప్పిన గుండ్రటి పడవ. ఎండ పొడిచేసరికి ఒడ్డుకొచ్చేవి. మడుగులో వేసిన వలల నిండా నాచు, పుల్లలు, తీగలు. ఒడ్డున గిన్నెలు పట్టుకుని ఆడవాళ్లు కూర్చునేవారు. వల పరచగానే నలుగురైదుగురు చుట్టూ చేరి నాచు ఏరేవారు, చిక్కులు తీసేవారు. పని అయ్యాక పుట్టి యజమాని ఒక్కో గిన్నెలో దోసెడు పరకలు పోసేవాడు. పరకలంటే కాటాకు ఎక్కని చిన్న చేపలు. బేరగాడు వచ్చేలోపే ఈ పంపకం అయిపోయేది.

"అత్తా, ఇటు రా, గీ చిక్కు నీతోటే అయితది."

"ఏమల్లుడా, ఇయ్యాల దోసిలి చిన్నగయిందే? చేతులు అరిగినయా?"

"చేతులరగలే, చేపలరిగినయి."

నేను పక్కన కూర్చుని ఫారం నింపేవాణ్ణి. ఇల్లు, పుట్టి ఉందా, వలలు ఎన్ని, కన్ను ఎంత, సాయం చేసేవారు ఎవరు. అత్తా, వదినా, చిన్నమ్మా అని పిలుచుకుంటున్నారు కదా, సాయం చేసేవారి గడిలో "కుటుంబ సభ్యులు" అని రాశాను. మా వీధిలో మగ్గాలున్న ప్రతి ఇంటి ఆడమనిషినీ నేను అత్త అనో చిన్నమ్మ అనో పిలుస్తూ పెరిగాను. వాళ్లెవరూ మా కుటుంబం కాదు. అంత తెలిసినవాణ్ణి అక్కడ ఆ పిలుపులు విని చుట్టరికం రాసేశాను.

అలా మొక్కల పని ఇవ్వాల్సిన ఇళ్లు ముప్పై ఎనిమిది తేలాయి. పుట్టో వలో ఉన్న ఇళ్లన్నీ. జాబితా శుభ్రంగా వచ్చింది, స్కేలు పెట్టి గీతలు గీశాను. సూపర్‌వైజర్ చాయ తాగుతూ చూసి, "రాత ముత్యాలోలె ఉంది," అని సంతకం పెట్టాడు. పేర్లు ఆయనా చదవలేదు.

నాకు అర్థం కాని ఇంకో సంగతి ఉంది, అది పూర్తిగా సాంకేతికం. మడుగు మూశాక పుట్టిలన్నీ బయట లోతు నీళ్లకు వెళ్లాయి. నియమాల ప్రకారం మూడు వేళ్లు దూరే పెద్ద కన్ను వలలతో. లోతు నీళ్లలో నాచు ఉండదు. పెద్ద కంట్లో పరక ఆగదు. అంటే ఒడ్డున ఏరడానికి ఏమీ లేదు, గిన్నెలో పొయ్యడానికీ ఏమీ లేదు. కట్టడి మొదలైన రెండో రోజు నుంచే ఒడ్డు ఖాళీ అయింది. నేను ఆ వారం రిపోర్టులో "ఒడ్డున రద్దీ తగ్గింది, పరిశుభ్రత మెరుగైంది" అని రాశాను. ఆ వాక్యం నాకు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

నాలుగో వారంలో ఒక పొద్దున మడుగు కాపలా కుర్రాళ్లు ఏడుగురు ఆడవాళ్లను పట్టుకొచ్చారు. నడుం లోతు నీళ్లలో దిగి, చీర రెండు కొసలూ పట్టుకుని, తుమ్మ మొక్కల మధ్య ఈడుస్తూ చేపపిల్లలను పడుతున్నారట. అదే మధ్యాహ్నం మీటింగు. నేను మొదట్లో చెప్పిన మీటింగు ఇదే.

కుర్రాళ్లు వేడి మీద ఉన్నారు. దానికి కారణం ఉంది. వారం కిందటే అవతలి ఒడ్డువాళ్లు దొంగతనంగా మడుగులో దోమతెరలాంటి అలివి వల దింపితే, పట్టుకుని అందరి ముందూ కాల్చారు. ఇప్పుడు సొంత ఊరివాళ్లను వదిలేస్తే అవతలివాళ్లు పది వలలతో వస్తారు. వస్తే మడుగు పోతుంది, ఈ ఏటి పిల్లచేప పోతుంది. అది ఊరికే భయం కాదు.

"రూలు రూలే," అన్నాడు ఒకడు. "అవతలోళ్ల వల కాల్చినప్పుడు చప్పట్లు కొడితిమి. గీ చీర గూడ కాల్చాలె."

"రూలుల వల అని ఉన్నది, చీర అని లేదురా."

"మూడు వేళ్లు దూరాలెనని ఉన్నది గదా. పెట్టి సూడు, నీ చిటికెనేలన్న దూర్తదా?"

అందరూ నవ్వారు. షెడ్డు బయటినుంచి ఏడుగురిలో పెద్దామె గొంతు లేచింది. అరవై దాటిన మనిషి, పుట్టితోపాటే భర్త మునిగిపోయి చాలా ఏళ్లయిందని తర్వాత తెలిసింది.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి. పొద్దుగాల తిని వచ్చినట్టున్నరు."

అధ్యక్షుడు చెయ్యెత్తాడు. సన్నటి మనిషి, ఆయన గట్టిగా మాట్లాడటం అప్పట్లో ఎవరూ వినలేదు. "అక్కా, మడుగు బంద్ అని డప్పు కొట్టి చెప్పలేదా?"

"చెప్పిండ్రు. నాకు చెవులున్నయి. బంద్ అయింది మడుగే అనుకుంటిమి. మా పొయ్యి గూడనని చెప్పకపోతిరి."

"పొయ్యి బంద్ ఎందుకైతది? మొక్కల పని ఇచ్చిండ్రు గదా."

"ఎవలకు?"

"అందరికి."

"గా సారును అడుగు."

అధ్యక్షుడు నావైపు తిరిగాడు. "సారూ, జాబితల వీళ్ల పేర్లు ఏడున్నయో సదువు జర."

నేను ఫైలు తెరిచాను. మొదటి పేజీ సగానికి రాకముందే నాకు తెలిసిపోయింది. అయినా ఒకటి నుంచి ముప్పై ఎనిమిది దాకా పైకి చదివాను. ఆపితే ఏదైనా చెప్పాల్సి వస్తుందని చదివానేమో. ముప్పై ఎనిమిదో పేరు అయ్యాక షెడ్డు మీద ఒక కాకి నడుస్తున్న చప్పుడు వినిపించింది.

"లేవు," అన్నాను.

"ఎందుకు లేవు?"

"వల, పుట్టి ఉన్న ఇండ్లే రాసిన. వీళ్లు మీ ఇండ్లల్ల మనుషులనుకున్న."

ఆ ఏడుగురిలో ముగ్గురు బెస్తవాళ్లు, భర్తలు పోయినవాళ్లు. పుట్టి అమ్ముకున్నాక సంఘం పుస్తకంలోంచి పేరు పోయింది. మిగతా నలుగురు మునిగిన ఊళ్లో భూమి లేని కూలీల ఇళ్లవాళ్లు. ఆదివారం కొల్లాపూర్ దాకా నడిచి చర్చికి పోయి వచ్చేవారు. వాళ్ల పేరు ఏ సంఘంలోనూ ఎప్పుడూ లేదు. నాచు ఏరేటప్పుడు మాత్రం అందరూ అత్తలే.

"మా ఇండ్లల్ల మనుషులా?" అని ఒకడు మొదలుపెట్టి, పెద్దామె వైపు చూసి, మిగతాది మింగేశాడు.

ఏడుగురిలో చిన్నది, నా వయసే ఉంటుంది, షెడ్డులోకి రెండడుగులు వేసింది.

"కాలుస్తే కాల్చుండ్రి, కాల్చకుంటే ఇయ్యుండ్రి. ఊకె నేల మీద పడెయ్యకుండ్రి. నాకున్నయే రెండు."

నేను చీర వైపు చూశాను. ముతక నూలు, కంచు రంగు సన్న అంచు. మా బాపు మగ్గం మీద ఇలాంటివే దిగుతాయి. ఉతికి ఉతికి పలచబడి, నీళ్లు కారిపోయి అప్పుడే ఆరుతోంది. అంత పలచబడ్డ నేతలోంచి నీళ్లు సాఫీగా పోతాయి, చేపపిల్ల పోదు. మంచి పరికరమే ఎంచుకుంది.

నేను లేచి నిలబడ్డాను. "తప్పు నాది. జాబితా రాసింది నేను," అన్నాను.

వెనకనుంచి ఎవరో, "అయితే జుర్మానా సారుకే ఎయ్యాలె!" అన్నారు. నవ్వులు లేచాయి, ఈసారి ఆ నవ్వు కొంచెం మెత్తగా ఉంది.

"ఏస్త," అన్నాడు అధ్యక్షుడు, నవ్వకుండా. "పొద్దుమునిగేలోపు ఏడిండ్లకు నడిచిపోయి పేర్లు రాస్కొని రావాలె. నడిచే. బండి మీద పోవద్దు." తర్వాత వంగి చీర తనే తీసి, దులిపి, ఆమె చేతికిచ్చాడు. గిన్నెలోని చేపపిల్లలను మళ్లీ మడుగులో పొయ్యమని ఒక కుర్రాణ్ణి పంపాడు.

చీర ఇచ్చేస్తే అవతలివాళ్లకు ఏం చెప్పాలని కుర్రాళ్లు పట్టుపట్టారు. "మనోళ్లకు పని ఇయ్యక మన తప్పయింది, సరిదిద్దుకున్నమని చెప్పు. వాళ్లకు చెప్పనీకి సిగ్గయితే నన్ను పిలువు," అన్నాడాయన.

ఇక పేర్లు ఆఫీసులో ఎక్కేదాకా ఏం తినాలన్నది మిగిలింది. లోతు నీళ్లనుంచి వచ్చే పుట్టిలు వంతులవారీగా చేప ఇవ్వాలని అధ్యక్షుడు అంటే గోల లేచింది.

"దోసెడు పరకలిస్తిమి గాని, రెండు కిలోల బొచ్చె చేప ఎట్లిస్తం పెద్దనాయినా?"

"కోసియ్యి. కత్తి లేదా ఇంట్ల?"

ఆ సాయంత్రం ఏడిళ్లకు నడిచాను. సూపర్‌వైజర్ కూడా వచ్చాడు, ఎవరూ రమ్మనకపోయినా, మోకాళ్ల నొప్పి అంటూనే. పెద్దామె ఇంట్లో జొన్న రొట్టె, చింతకాయ తొక్కు పెట్టారు. "తిను సారూ, గిది మడుగుల పట్టింది కాదు," అంది. సూపర్‌వైజర్‌కు పొలమారింది. తిరిగొచ్చేటప్పుడు ఆయన, "నేను గూడ సంతకం పెట్టిన గదా," అన్నాడు. ఆ రోజు ఆయన తాగిన చాయలు మూడు.

మర్నాడే ఏడు పేర్లతో కాగితం జిల్లా ఆఫీసుకు పంపాను. తీర్మానం, ఫొటోలు, ఆధార్ నకళ్లు, అన్నీ వరుసగా అంటించి. రెండు వారాలకు అది తిరిగి వచ్చింది, మూలన ఎర్రసిరాతో ఒక ప్రశ్నతో: వల లేనివారు మత్స్యకార కుటుంబం ఎలా అవుతారు? సూపర్‌వైజర్ జవాబు రాశాడు. నాలుగు పేజీలు. నాచు ఏరడం గురించి అంత వివరంగా ప్రభుత్వ భాషలో ఎవరూ రాసి ఉండరు.

ఆ జవాబు పోయిన మూడు రోజులకు, కొల్లాపూర్ రోడ్డు మలుపులో బస్సు ఆగే చోట ఆ నీలం చీర ఆమె కనిపించింది. పక్కన వేరే ఊళ్లవాళ్లు ఐదారుగురు, మూటలు, గంపలు. మేస్త్రి పంపే డీసీఎం వ్యాను కోసం చూస్తున్నారు. హైదరాబాద్‌లో అపార్టుమెంట్ల పని.

"ఆగరాదు అక్కా, ఇంకో పది రోజులల్ల పని వస్తది," అన్నాను.

"ఆగుత. గా పది రోజులు ఏం దినాలె?"

"చేప ఇస్తున్నరు గదా."

"ఇస్తున్నరు. మంచోళ్లే, కాదంటలేను. చేపముక్కల ఉప్పు ఎయ్యాలె, కారం ఎయ్యాలె, పక్కన బువ్వ ఉండాలె. గవి గూడ నీళ్లల్ల దొర్కుతయా సారూ?"

జేబులో చెయ్యి పెట్టబోతే చూసి, వద్దని తలూపింది. కోపంగా ఏమీ లేదు. బండి వచ్చాక వెనక ఎక్కి కూర్చుని, గుర్తొచ్చినట్టు పిలిచింది.

"సారూ, పై వరుసల మొక్కలకాడ మేకలు దూరుతున్నయి. రెండు కంపలు అడ్డం పెట్టిపియ్యి."

అదే సాయంత్రం కంపలు పెట్టించాను. ఆమె చెప్పింది నిజమే, పదకొండు మొక్కల చివుళ్లు కొరికేసి ఉన్నాయి.

ఇప్పుడు ఆ మడుగు చూడాలి మీరు. పోయిన వానాకాలం సెలవు పెట్టి వెళ్లాను. తుమ్మలు మెడలోతు నీళ్లలో నిలబడి ఉన్నాయి, కొమ్మల మీద పిచ్చుక గూళ్లు, మొదళ్ల చుట్టూ చేపపిల్లలు గుంపులుగా మెలికలు తిరుగుతున్నాయి. కాపలా అంతా ఆడవాళ్లదే. మెడలో ఈలలు వేసుకుని పుట్టిలో తిరుగుతారు. నీళ్లు దిగాక తుమ్మబంక ఏరి అమ్ముకుంటారు, కాయలు మేకలవాళ్లకిచ్చి దొడ్డి గింజ తెచ్చుకుంటారు. పెద్దామె నన్ను చూడగానే, "జాబితా సారొచ్చిండు, అందరు పేర్లు చెప్పుకోండ్రి!" అని ఈల వేసింది. అధ్యక్షుడు ఇప్పుడు పుట్టి ఎక్కడం లేదు, షెడ్డు కింద కూర్చుని అందరినీ కేకలేస్తుంటాడు. మా సూపర్‌వైజర్ రెండేళ్ల కింద పోయాడు. ఆయన మీసం చివరిదాకా భద్రంగానే ఉంది.

ఆ ఉద్యోగంలో నేను ఇంకా రెండేళ్లు ఉన్నాను. తర్వాత ఎన్నో జాబితాలు రాశాను. ఫారంలో ఉన్న గళ్లన్నీ నిండాక కూడా ఒక పూట ఊరికే ఒడ్డున కూర్చుని, ఏ గడిలోనూ పట్టని మనుషులు ఎవరైనా వస్తారేమోనని చూసేవాణ్ణి. అది నేర్చుకోవడానికి అయిన ఖర్చు నా జీతంలోంచి పోలేదు.

ఆఫీసు ఆర్డరు చివరికి వచ్చింది. కాగితం పంపిన ముప్పై ఆరో రోజున. ఏడు పేర్లూ మంజూరయ్యాయి, ఒక్కటీ కొట్టెయ్యలేదు. మర్నాడు పొద్దున్నే షెడ్డు దగ్గర హాజరు పట్టీ తెరిచి, వాళ్ల కోసం కొత్త పేజీలో స్కేలు పెట్టి ఏడు గీతలు గీశాను. పేర్లు పిలిచాను. నీలం చీర ఆమె కోసం మేస్త్రి హైదరాబాద్ నంబరుకు అంతకుముందు రాత్రి ఫోన్ చేయించాం. ఆ సైటు నుంచి వేరే సైటుకు మార్చారని, ఎక్కడికో తెలియదని చెప్పారు.

మంజూరైనవారు ఏడుగురు. పనిలో చేరినవారు ఆరుగురు.